తోటలో కాపురం, ఇంట్లో కుక్కలు: పాకాల నుంచి వచ్చిన ప్రశ్నకు ఒక పశువైద్యుని సమాధానం

అమ్మా, తిరుపతిలో ఇల్లు ఖాళీ చేసి పాకాల దగ్గర, అడవి అంచున ఉన్న మీ మామిడి తోటలోకి కాపురం మారుస్తున్నామని, అక్కడ మూడు ఆవులు, కొన్ని గొర్రెలు ఉన్నాయని, ఆరేళ్ళ బాబు, పదకొండేళ్ళ పాప, అత్తగారు మీతోనే ఉంటారని రాశారు. ఏ జాతి కుక్కను తెచ్చుకోవాలి, ఎన్ని తెచ్చుకోవాలి, రాత్రిళ్ళు కట్టేయాలా వదిలేయాలా, వాటివల్ల పిల్లలకూ పశువులకూ ప్రమాదం ఏమైనా ఉంటుందా అని అడిగారు. అత్తగారికి కుక్కలంటే భయమని చివర ఒక మాట కూడా చేర్చారు. చిత్తూరు జిల్లా పల్లెల్లో పశువైద్యునిగా పనిచేసి, ఇప్పుడు సొంత తోటలో కుక్కల మధ్యనే ఉంటున్న మనిషిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

మన వైపు తోట కొన్నవాళ్ళు చాలామంది ఒక కుక్కపిల్లను తెచ్చి, మోటరు షెడ్డు దగ్గర గొలుసు వేసి కట్టి, దాని తిండి సంగతి జీతగాడికి అప్పగించి, ఇక దొంగల భయం లేదని అనుకుంటారు. అలా పెరిగిన కుక్క ఎవరు వచ్చినా ఒకేలాగ మొరుగుతుంది, ఎవరూ రాకపోయినా మొరుగుతుంది, అందువల్ల కొన్నాళ్ళకు దాని అరుపును ఎవరూ పట్టించుకోరు. పైగా మనుషుల మధ్య మెలగడం తెలియదు కనుక గొలుసు ఊడిన రోజున దారిన పోయే పిల్లల మీద పడుతుంది. కుక్క కాపలా కాసేది తోటను కాదు, తోటలో ఉన్న తనవాళ్ళను. మీరు కుటుంబమంతా అక్కడే ఉండబోతున్నారు కాబట్టి మీకు కుక్క నిజంగా ఉపయోగపడుతుంది. వారానికి ఒకసారి వచ్చిపోయేవాళ్ళు ఇదే ప్రశ్న అడిగి ఉంటే వద్దనే చెప్పేవాణ్ణి.

ఇంటివాళ్ళ మధ్య పెరిగిన కుక్క మొరగడంలో ఎంతో తేడా ఉంటుంది. పాలవ్యాన్ చప్పుడు వింటే రెండుసార్లు అరిచి తోక ఊపుతూ గేటు దగ్గరికి పోతుంది. కొత్త మనిషి వస్తే ఇంటికీ గేటుకూ మధ్య నిలబడి, ఒకసారి మనవైపు, ఒకసారి అతనివైపు చూస్తూ ఆగి ఆగి మొరుగుతుంది. పామును చూసినప్పుడు మెడ ముందుకు చాచి, ఒక అడుగు వేసి మళ్ళీ వెనక్కి గెంతుతూ, అదే చోట నిలిచి సన్నని గొంతుతో ఎడతెరిపి లేకుండా అరుస్తుంది. అడవి పంది వాసన తగిలినప్పుడు మొదట అరుపే ఉండదు. చెవులు నిక్కబొడుచుకుంటాయి, వీపు మీద వెంట్రుకలు లేస్తాయి, గొంతులో గుర్రుమంటుంది. ఈ తేడాలు మీ ఇంట్లో అందరికంటే ముందు మీ పిల్లలకే పట్టుబడతాయి. కుక్కవల్ల తోటలో కలిగే అసలు లాభం ఈ కబురే కాని, అది ఎవరినో కరవడం కాదు.

జాతి విషయంలో నా అభిప్రాయం స్పష్టం: నాటు కుక్కే మేలు. ఒత్తు బొచ్చున్న జర్మన్ షెపర్డ్, బరువైన రాట్‌వైలర్ వంటివి మన ఎండలకు పగలంతా రొప్పుతూనే గడుపుతాయి. కుక్కకు మనకు పట్టినట్టు ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే అది ఒళ్ళు చల్లబరచుకునే దారి కనుక, ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బకు చనిపోయేవాటిలో ఇలాంటివే ఎక్కువ. లాబ్రడార్ స్వభావం మంచిదే కాని, ఒళ్ళు ఊరికే పెరిగి తుంటి కీళ్ళ నొప్పులు తెచ్చుకుంటుంది. పక్కనున్న తమిళనాడు నుంచి రాజపాళయం, చిప్పిపారై కుక్కలను తెచ్చుకునేవాళ్ళు మన జిల్లాలో ఉన్నారు. అవి మన వాతావరణానికి సరిపోయే మంచి జాతులే. అయితే వేటకు పుట్టినవి, పరుగెత్తేదాన్ని తరమడం వాటి రక్తంలో ఉంది, గొర్రెలున్న ఇంట్లో వాటిని అదుపులో పెట్టడానికి అనుభవం కావాలి. తెల్లని రాజపాళయం పిల్లల్లో పుట్టుచెవుడు కనిపిస్తుంటుంది కనుక, తప్పదనుకుంటే పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూసి మరీ తీసుకోవాలి.

మొదట ఒక్క కుక్కపిల్లనే తెచ్చుకోండి, ఆడది అయితే మరీ మంచిది, ఎందుకంటే అది ఇంటిని వదిలి దూరం పోదు. ఆడదైతే ఈతల గోల అని జంకుతారు గాని, ఆపరేషన్ చేయిస్తే ఆ సమస్యే ఉండదు. చేయించకపోతే మాత్రం దాదాపు ఆరు నెలలకొకసారి ఎదకు వచ్చి, చుట్టుపక్కల ఊళ్ళ మగకుక్కలన్నిటినీ మీ తోటకు రప్పిస్తుంది, వాటి కొట్లాటలతోపాటు జననాంగాల మీద కణితి జబ్బు కూడా అంటుకుంటుంది. మొదటిది ఏడాది నిండి, మీ ఇంటి పద్ధతులు నేర్చుకున్నాక రెండోదాన్ని, మగదాన్ని, తెచ్చుకోవచ్చు. అది సగం చదువు మొదటిదాని దగ్గరే నేర్చుకుంటుంది. ఒకే ఈత పిల్లలను రెండింటిని ఒకేసారి తెస్తే అవి ఒకదానితో ఒకటి ముడిపడిపోయి మనుషుల మాట పెద్దగా వినవు. ఊళ్ళో తల్లికుక్క ఎలాంటిదో చూసి, మనుషులను దగ్గరికి రానిచ్చే తల్లి పిల్లను, ఎనిమిది వారాలు నిండాక తీసుకోండి. పద్నాలుగు వారాలలోపు అది ఏమేమి చూస్తుందో, వింటుందో, వాసన పడుతుందో వాటికి జీవితాంతం భయపడదు. అందుకని ఆ కొద్ది రోజుల్లో రోజూ చిన్న తాడు పట్టి ఆవుల పక్కనుంచి, గొర్రెల దొడ్డి పక్కనుంచి, ట్రాక్టరు పక్కనుంచి నడిపించండి. కోళ్ళను తరుముతుంటే ముద్దుగా ఉందని పిల్లలు నవ్వకూడదు; అదే కుక్క ఏడాది తర్వాత గొర్రెపిల్లను పట్టుకుంటుంది.

రాత్రి విషయానికి వస్తే, మీరు ఉన్న చోటును బట్టి కట్టేయడమూ వద్దు, వదిలేయడమూ వద్దు. శేషాచలం కొండల నుంచి పాకాల వైపు వరకు చిరుతపులులు తిరుగుతాయి, ఊరి అంచుల్లో చిరుతకు తేలికగా దొరికే ఆహారం కుక్కే. గొలుసుతో కట్టిన కుక్క పారిపోలేదు, వదిలిన కుక్క అరుస్తూ ఎదురుపోతుంది, రెండూ చావడానికే. ఇంటి గోడకు ఆనుకుని చిన్న గది, పైన రేకు, దానిమీద కొబ్బరి మట్టలు, ముందు గట్టి ఇనుప జాలీ తలుపు ఏర్పాటు చేయండి. చీకటి పడగానే తిండి అక్కడే పెట్టి లోపల వేయండి. లోపలినుంచి మొరిగినా మీకు వినబడుతుంది, టార్చి లైటు వేసి చూసుకునేది ఎలాగూ మీరే. ఏనుగుల సంగతి కూడా చెప్పాలి. పలమనేరు, కుప్పం ప్రాంతంలోని కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పంటల మీదికి రావడం పాత కథే. పులిచెర్ల, చంద్రగిరి మండలాల తోటల్లోకి కూడా అవి వస్తున్నాయి. ఏనుగు మీద మొరిగిన కుక్క, అది తిరగబడగానే పరుగెత్తి యజమాని కాళ్ళ దగ్గరికే వస్తుంది, దాని వెనకే ఏనుగూ వస్తుంది. ఏనుగులు వచ్చాయన్న కబురు తెలిసిన రోజుల్లో పగలు కూడా కుక్కను గదిలోనే ఉంచండి.

పగలు కుక్క మీ కంచె దాటిపోకుండా చూసుకోవడానికి ఇంకొక గట్టి కారణం ఉంది. అడవి పందుల కోసం కొందరు చట్టవిరుద్ధంగా నాటుబాంబులు పెడతారు, ఉచ్చులు పన్నుతారు, కంచెకు కరెంటు ఇస్తారు. నాటుబాంబుకు కొవ్వు వాసన పట్టించి ఉంటుంది కనుక కుక్క నోటితో అందుకుంటుంది, దవడ మిగలదు. అలాగే మీ బంధువుల్లో ఎవరైనా సరదాపడి కుక్కను కుందేళ్ళ వేటకో, ఉడుముల వేటకో తీసుకుపోతామంటే ఒప్పుకోకండి. 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఇక రేబిస్. పిల్లలున్న ఇంట్లో దీని గురించి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. లక్షణాలు కనిపించాక ఈ జబ్బునుంచి బయటపడడం దాదాపు లేదు, కాని అంతకు ముందు దీన్ని పూర్తిగా ఆపవచ్చు. మీ కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి టీకా, పశువైద్యుడు చెప్పిన గడువులో రెండోది, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించాలి. ఏటా జూలై 6న మన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ ఆసుపత్రుల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. లూయీ పాశ్చర్ 1885లో మొట్టమొదట ఒక బాలునికి ఈ టీకా ఇచ్చిన తేదీ అది. గుర్తుపెట్టుకోవడం సులభం కనుక మీరూ ఆ తేదీనే పెట్టుకోండి. డిస్టెంపర్, పార్వో జబ్బులకు వేసే టీకాలు ఇంకా ముందే, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి, పదహారు వారాలు వచ్చేవరకు మూడు నాలుగు వారాలకొకసారి మళ్ళీ వేయాలి. పార్వో వచ్చిన కుక్కపిల్ల నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పోతుంది.

ఏ కుక్క కరిచినా, గోరు గీరినా, పుండు మీద నాకినా, అది మీ కుక్కే అయినా, టీకా వేసిన కుక్కే అయినా, నెలల కుక్కపిల్లే అయినా, చేయవలసిన మొదటి పని ఒకటే. పిల్లవాణ్ణి కొళాయి దగ్గర కూర్చోబెట్టి, ధారగా పడే నీటి కింద గాయాన్ని పెట్టి, సబ్బు నురగ గాయం లోపలికి పోయేటట్టు పదిహేను నిమిషాలు కడగాలి. పిల్లవాడు ఏడుస్తాడు, మంట అంటాడు, రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. గడియారం చూసి మరీ కడగండి, ఎందుకంటే ఆ వైరస్‌లో ఎక్కువ భాగాన్ని అక్కడే తొలగించవచ్చు. పసుపు, సున్నం, కారం, ఆకు పసరు ఏదీ పెట్టవద్దు, కట్టు కట్టవద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతే చర్మంలోకి ఇచ్చే టీకా ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు ఉచితంగా వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు) కూడా ఇవ్వాలి, దాన్ని అడిగి మరీ వేయించుకోండి. కరిచిన కుక్కను పది రోజులు గమనించమని అంటారు, అది నిజమే, కాని ఆ పది రోజులు టీకా ఆపి కూర్చోవడం కాదు.

ఆవుల విషయంలోనూ రేబిస్ ఉందని చాలామందికి తోచదు. ఆవో దూడో మేత మాని, గొంతు మారి అదే పనిగా అరుస్తూ, నోటినుంచి చొంగ కారుస్తుంటే, గొంతులో మామిడి టెంక ఇరుక్కుందేమోనని మన రైతులు నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. మామిడి కాపు రోజుల్లో ఆ అనుమానం సహజమే. అయినా ఆ చెయ్యి మాత్రం పెట్టకండి, 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి, లేదా దగ్గరి పశువైద్యుణ్ణి రప్పించండి. ఊరకుక్క కరిచిన ఆవుకు కూడా టీకాలున్నాయి. ఆలస్యం చేయకపోతే అవి పనిచేస్తాయి.

కుక్కకూ గొర్రెలకూ మధ్య తిరిగే బద్దెపురుగుల సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. గంగ జాతరకో, ఇంట్లో శుభకార్యానికో వేట పొట్టేలును కోసినప్పుడు, నీటితిత్తులున్న ఊపిరితిత్తులు, కాలేయం మనకు పనికిరావని కుక్కకు విసిరేస్తారు. ఆ తిత్తుల్లోని పురుగు కుక్క పేగుల్లో పెరుగుతుంది. బియ్యపుగింజంత కూడా ఉండదు కనుక కుక్క మలంలో మన కంటికి కనబడదు. దాని గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకుని, దాన్ని నిమిరిన పిల్లల చేతుల ద్వారా కడుపులోకి పోతే, ఏళ్ళ తర్వాత మనిషి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో అదే నీటితిత్తి పెరిగి ఆపరేషన్ దాకా తెస్తుంది. గొర్రె తలకాయ పచ్చిగా తిన్న కుక్కనుంచి వచ్చే మరో బద్దెపురుగు గొర్రెల మెదడులోకి చేరుతుంది. మందలో ఒక గొర్రె తల వంచుకుని ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంటే దానికి ఇది ఒక కారణం. అందుకని కోసిన జీవం లోపలి భాగాలను లోతుగా పూడ్చండి, లేదా బాగా ఉడకబెట్టి పెట్టండి. కుక్కకు మూడు నెలలకొకసారి, పశువైద్యుణ్ణి అడిగి, బద్దెపురుగులమీద పనిచేసే మందే వేయించండి. పిల్లదశలో అయితే ఇంకా తరచుగా వేయాలి. ఆవు ఈనినప్పుడు మాయను కుక్కకు అందనీయవద్దు. కొందరు దాన్ని మర్రిచెట్టుకు కడతారు, అక్కడినుంచి లాగి కుక్కలు తింటాయి. దానివల్ల కుక్క మలంలోకి చేరే ఒక సూక్ష్మజీవి మేత ద్వారా చూడి ఆవులకు పోయి ఈసుకుపోయేలా, అంటే కడుపు పోయేలా చేస్తుంది. గడ్డివాము మీద కుక్కలు పడుకోకుండా, అక్కడ మలం వేయకుండా చుట్టూ కంచె వేసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

పిడుదులు తోటలో తప్పవు. రోజూ సాయంత్రం మీ పాపకు ఒక పని అప్పగించండి. కుక్కను పక్కకు పడుకోబెట్టి, ముందు చెవి మడతను తిప్పి లోపలి అంచు చూడాలి, తర్వాత మెడపట్టీ కింద, చంకల్లో, చివరికి ఒక్కొక్క పాదాన్ని పట్టుకుని వేళ్ళ మధ్య సందులను విడదీసి చూడాలి. వేలికి పెసరగింజలాగ తగిలేది రక్తం తాగిన ఆడ పిడుదు. దాన్ని పొట్ట దగ్గర నలిపితే లోపలి మురికి కుక్క ఒంట్లోకే పోతుంది కనుక, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిదానంగా పైకి లాగి సబ్బునీళ్ళలో వేయాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో కుక్క తిండి మానుతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, కొన్నిసార్లు ముక్కునుంచి నెత్తురు కారుతుంది. తొందరగా రక్తపరీక్ష చేయిస్తే చాలావరకు నయమవుతుంది. 1955 నుంచి ఉన్న తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. పిడుదులు పోవడానికి ఆవులకు వేసే ఐవర్మెక్టిన్ సూదిని అందాజుగా కుక్కకు వేయించకండి. తూకం చూడకుండా వేస్తే చూపు పోయి, వణికి చనిపోయిన కుక్కలున్నాయి. పిడుదులు గోడ పగుళ్ళలో గుడ్లు పెడతాయి కాబట్టి గది గోడలకు సున్నం వేసి పగుళ్ళు పూడ్చడం కూడా వైద్యంలో భాగమే.

తిండికి మన రాగి సంగటి బాగానే పనికివస్తుంది, అయితే సంగటి, మజ్జిగతోనే సరిపెడితే కుక్క ఎముకలు, కండ నిలబడవు. రోజూ ఒక ఉడికించిన గుడ్డో, కొంచెం ఉడికించిన కోడిమాంసమో కలపాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన పులుసు అన్నం, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు పెట్టకూడదు. జ్వరం వచ్చిందని పారాసిటమాల్ వంటి మన మాత్రలు అసలే వేయకూడదు. తోటలోని విషాలు ఇంతకంటే ముఖ్యం: ఎలుకల మందు, పూత కాలంలో కొట్టే పురుగుమందుల డబ్బాలు, చెట్ల పాదులకు వేసే ఆముదపు చెక్క. ఆముదపు చెక్కకు కమ్మని వాసన ఉంటుంది, కుక్క తవ్వి తింటుంది, అందులోని విషానికి విరుగుడు లేదు. కుక్కలున్న తోటకు వేపచెక్క వేసుకోవడమే నయం. పాము కరిస్తే కోయడం, కట్టడం వంటివి చేయక, నడిపించకుండా ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకుపోవాలి. మనుషులకిచ్చే విరుగుడు మందే కుక్కకూ పనిచేస్తుంది.

మీ బాబుకు చెప్పవలసినవి కొన్నే: తింటున్న కుక్కను, పడుకున్న కుక్కను, పిల్లలున్న కుక్కను తాకకూడదు, దానినుంచి పరుగెత్తకూడదు, దాని మొహానికి మొహం ఆనించకూడదు. ఆరేళ్ళ పిల్లవాణ్ణీ కుక్కనూ, అది ఎంత మంచిదైనా, మొదటి ఏడాది పెద్దవాళ్ళు లేకుండా వదలవద్దు. తోతాపురి కాయలు కోసే జూన్, జూలై నెలల్లో కూలీలు, లారీలు వచ్చిపోతుంటాయి. ఆ రోజుల్లో పగటిపూట కుక్క గదిలోనే ఉండాలి.

ఇక మీ అత్తగారి భయం. ఆమె వయసు వాళ్ళకు కుక్కకాటు అంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. గొర్రె మెదడునుంచి తయారుచేసిన ఆ మందు వల్ల నొప్పే కాక కొందరికి నరాల జబ్బులు కూడా వచ్చేవి. మన దేశంలో దాని వాడకం 2005 నాటికే ఆగిపోయి, చేతికి వేసే టీకాలు వచ్చాయి. ఈ సంగతి ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు, నిదానంగా చెప్పండి. కుక్కపిల్లను తెచ్చేముందే ఆమె గది, వంటిల్లు, పూజగది దాని హద్దులో లేవని తేల్చి, నడవకు మోకాలెత్తు చెక్క తలుపు పెట్టించండి. ఎగబడి ఒళ్ళోకి ఎక్కే అలవాటు మొదటి వారంనుంచే మాన్పించండి; ముసలివాళ్ళు ఈ ఎగబడడం వల్లే కిందపడతారు. ఆమె దూరంగా కూర్చుని చూస్తానంటే చూడనివ్వండి, నిమరమని ఎవరూ బలవంతం చేయకూడదు. ఇన్ని చెప్పినా ఆమె మనసు ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి కుక్కపిల్లను తేవద్దు. ముందు కంచె, కుక్కగది, గడ్డివాము చుట్టూ జాలీ పూర్తిచేసుకుని, వచ్చే ఏడాది కాయకోత అయ్యాక ఆమెను మళ్ళీ అడగండి.